సాహస చిత్రంలో వాద్యబృంద సంగీతం: ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ (1938) – విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సాహస చిత్రంలో నేపథ్య సంగీతం చేసే పని ఏమిటో వివరించగలుగుతారు.
• స్వర ఇతివృత్తం అంటే ఏమిటో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• స్వరకర్త జీవితానికీ, అతని సంగీతానికీ ఉన్న సంబంధాన్ని ఆధారాలతో చర్చించగలుగుతారు.
• ఒక చలనచిత్ర సంగీతంలోని గుణదోషాలను మీ సొంత మాటల్లో విమర్శించగలుగుతారు.

1. విషయ పరిచయం

సినిమా చూసి వచ్చినవారిని “సంగీతం ఎలా ఉంది?” అని అడిగితే మనలో చాలామంది పాటల గురించే చెబుతాం. పాటలు కాక సినిమాలో వినిపించే మిగతా సంగీతాన్ని ‘నేపథ్య సంగీతం’ అంటాం. మన సినిమా రంగంలో దీనిని ‘రీ-రికార్డింగ్’ అని కూడా వ్యవహరిస్తారు. గంటకు పైగా మన చెవిన పడుతున్నా మనం ప్రత్యేకంగా గమనించనిది ఈ సంగీతమే. దానిని గమనించడం ఎలాగో నేర్చుకోవడానికి ఒక మంచి ఉదాహరణను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముందుగా ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. తెరపై ఇద్దరు వీరులు కత్తియుద్ధం చేస్తున్నారు. కత్తులు ఖంగుమంటున్నాయి. బల్లలు పడిపోతున్నాయి, చూసేవారు కేకలు వేస్తున్నారు. ఇంత చప్పుడు ఉండగా అక్కడ సంగీతం ఎందుకు? ‘ఉత్సాహం కలిగించడానికి’ అని మీరు వెంటనే జవాబు చెప్పవచ్చు. ఆ జవాబు తప్పు కాదు, కాని సగమే. మిగతా సగాన్ని 1938లో విడుదలైన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ అనే అమెరికన్ చిత్రం చెబుతుంది. దానికి సంగీతం సమకూర్చినవారు ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్. విచిత్రమేమిటంటే, ఈ చిత్రానికి సంగీతం చేయనని ఆయన మొదట నిరాకరించారు.

2. చిత్రం, స్వరకర్త

వార్నర్ బ్రదర్స్ సంస్థ నిర్మించిన ఈ వర్ణచిత్రానికి మైకేల్ కర్టిజ్, విలియం కీలీ దర్శకులు. నిడివి 102 నిమిషాలు. కథ 12వ శతాబ్దపు ఇంగ్లండులో జరుగుతుంది. మతయుద్ధం నుంచి తిరిగి వస్తున్న రాజు రిచర్డ్ ఆస్ట్రియాలో బందీ అవుతాడు. అతని తమ్ముడు జాన్ (క్లాడ్ రెయిన్స్) అధికారం చేజిక్కించుకొని ప్రజలను పన్నులతో పీడిస్తాడు. సర్ గై (బాసిల్ రాత్‌బోన్) అతనికి కుడిభుజం. వీరిని ఎదిరించి షెర్వుడ్ అడవిలో దళాన్ని కూడగట్టినవాడు రాబిన్ హుడ్ (ఎరోల్ ఫ్లిన్). రాచకుటుంబం సంరక్షణలో పెరిగిన మారియన్ (ఒలీవియా డి హావిలాండ్) మొదట అతన్ని అసహ్యించుకుంటుంది, తరువాత ప్రేమిస్తుంది.

కోర్న్‌గోల్డ్ 1897లో, ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బ్రునో నగరంలో జన్మించారు. వియన్నాలో బాలమేధావిగా పేరు పొందారు. 13 ఏళ్ల వయసులోనే ఆయన రాసిన నృత్యరూపకం వియన్నా రాజాస్థాన ఒపేరా భవనంలో ప్రదర్శితమైంది. 1920లో, 23 ఏళ్లకు, ‘డీ టోటె స్టాట్’ అనే ఒపేరా ఆయనకు యూరప్ అంతటా ఖ్యాతి తెచ్చింది. 1934లో రంగస్థల దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ పిలుపుపై హాలీవుడ్ వెళ్లారు. 1935లో ‘కాప్టెన్ బ్లడ్’ అనే సముద్ర సాహస చిత్రానికి సంగీతం సమకూర్చారు. ఆ తరువాత కూడా ఆయన మనసు ఒపేరా మీద, వియన్నా మీదే ఉండేది.

3. నిరాకరణ, అంగీకారం

1938 ఫిబ్రవరిలో కోర్న్‌గోల్డ్‌కు ‘రాబిన్ హుడ్’ చిత్రాన్ని చూపించారు. ఆయన చూసి, ఇది తన వల్ల కాదని నిర్మాత హాల్ వాలిస్‌కు ఉత్తరం రాశారు. తాను హృదయానికీ, ఉద్వేగాలకూ, మనస్తత్వానికీ సంబంధించిన సంగీతకారుణ్ణనీ, నూటికి 90 పాళ్లు యాక్షన్ ఉన్న చిత్రానికి బొమ్మకు తగ్గ చప్పుడు అల్లడం తన పని కాదనీ ఆ ఉత్తరం సారాంశం.

అదే సమయంలో ఆస్ట్రియా చాన్సలర్ షుష్‌నిగ్‌ను హిట్లర్ బెర్క్‌టెస్‌గాడెన్‌కు పిలిపించి బెదిరించాడు. ఆ వార్త ప్రపంచానికి తెలిసింది. స్టూడియో సంగీత విభాగాధిపతి లియో ఫోర్బ్‌స్టైన్ కోర్న్‌గోల్డ్ ఇంటికి వచ్చి మరోసారి ప్రాధేయపడ్డాడు. యూదు కుటుంబానికి చెందిన కోర్న్‌గోల్డ్‌కు, వియన్నాకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోతున్నదని అర్థమైంది. నచ్చకపోతే ఎప్పుడైనా మానుకునేలా, వారం వారం లెక్కన పని చేస్తానని ఒప్పుకొన్నారు. మార్చి 12న జర్మన్ సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించాయి. వియన్నాలోని ఆయన ఇల్లు నాజీల పాలయింది. మే నెలలో చిత్రం విడుదలైంది. ఈ చిత్రం తన ప్రాణాలు కాపాడిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

ఈ సంఘటనలు చదివినప్పుడు మీకు ఒక ఊహ కలగవచ్చు: అక్రమ పాలకుణ్ణి ఎదిరించే ఈ కథలో కోర్న్‌గోల్డ్ తన దేశపు దుఃఖాన్నే స్వరపరిచారేమో! ఈ ఊహను ప్రస్తుతానికి పక్కన ఉంచండి. ఇది నిలుస్తుందో లేదో విభాగం 6లో పరీక్షిద్దాం.

4. స్వర ఇతివృత్తాలు

ఒక పాత్రకో, భావానికో, బంధానికో ముడిపెట్టి, కథలో మళ్లీ మళ్లీ వినిపించే చిన్న స్వరరచనను ‘స్వర ఇతివృత్తం’ అంటారు. దీనికి జర్మన్ భాషలో ‘లైట్‌మోటిఫ్’ అని పేరు. కూచిపూడి భాగవతం చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. భామాకలాపంలో సత్యభామ తన ప్రవేశ దరువుతో రంగం మీదికి వస్తుంది. ఆ దరువులోనే ఆమె స్వభావం, దర్పం మనకు తెలిసిపోతాయి. అయితే ఒక తేడా ఉంది. ప్రవేశ దరువు పాత్రను పరిచయం చేస్తుంది. స్వర ఇతివృత్తం పరిచయంతో ఆగదు. కథ మారినకొద్దీ తానూ మారుతూ పాత్ర వెంట నడుస్తుంది.

‘రాబిన్ హుడ్’ పేర్లు పడుతున్నప్పుడే రాబిన్ దళపు ‘మార్చ్’ వినిపిస్తుంది. మార్చ్ అంటే కవాతు నడక. కాని ఈ మార్చ్‌లో సైనిక కవాతుకు ఉండే బిగువు లేదు. వినోదానికి ఊరేగింపుగా బయలుదేరిన స్నేహితుల నడక ఉంది. ఒక్క దృశ్యమైనా రాకముందే, ఈ తిరుగుబాటుదారులు దొంగలు కారనీ, వీరి ధిక్కారంలో ఆనందం ఉందనీ సంగీతం మనకు చెప్పేసింది.

రాబిన్, మారియన్‌ల ప్రేమ సంగీతం తంత్రీ వాద్యాల మీద సాగుతుంది. ఉరికంబం నుంచి తప్పించుకున్న రాబిన్ ఆమె కిటికీ ఎక్కి వచ్చే ఘట్టాన్ని జాగ్రత్తగా వినండి. అంతకుముందే ఇత్తడి వాద్యాల హోరుతో ఒక పోరాటం ముగిసింది. ఇక్కడ వాద్యబృందం గొంతు తగ్గించి, సంభాషణ కింద ఒదిగి, మాట ఆగినచోట తాను పైకి వస్తుంది. ఇద్దరు నటులు పాడని యుగళగీతాన్ని వాద్యాలు పాడుతున్నట్లుంటుంది. ఒపేరా స్వరకర్తగా కోర్న్‌గోల్డ్ పొందిన శిక్షణ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన సినిమాను గాయకులు లేని ఒపేరాగా భావించారు. కొలత పట్టికల మీద ఆధారపడకుండా, ప్రదర్శన గదిలో తెర ముందు పియానో వద్ద కూర్చొని, దృశ్యం చూస్తూ అప్పటికప్పుడు స్వరం కల్పించేవారు. ఆ రచనను పూర్తి వాద్యబృందానికి విస్తరించడంలో హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ వంటివారు ఆయనకు సహకరించారు.

5. పోరాట ఘట్టాలు: రెండు పద్ధతులు

ఇప్పుడు మనం వేసుకొన్న మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. పోరాటం దగ్గర సంగీతం ఏం చేయాలి? ఇందుకు కోర్న్‌గోల్డ్ రెండు పద్ధతులు వాడారు.

మొదటిది, కదలికను అనుసరించడం. వాగు మీద అడ్డంగా ఉన్న దుంగపై రాబిన్, లిటిల్ జాన్ కర్రలతో తలపడతారు. ఒడ్డున విల్ స్కార్లెట్ తీరిగ్గా తంత్రీ వాద్యం మీటుతుంటాడు. అది నిజమైన శత్రుత్వం కాదు, స్నేహానికి ముందు జరిగే సరదా పందెం. సంగీతం కూడా దెబ్బల వెంట గంతులు వేస్తూ, రాబిన్ నీళ్లలో పడేదాకా ఆటపట్టిస్తుంది. చలనచిత్ర పరిభాషలో దీనిని ‘మికీ మౌసింగ్’ అంటారు. కార్టూన్ చిత్రాల్లో బొమ్మ అడుగు వేస్తే ఒక స్వరం, జారిపడితే ఒక స్వరం వినిపించే పద్ధతి నుంచి ఈ పేరు వచ్చింది.

రెండవది, పోరాటం వెనుక ఉన్న ఉద్వేగాన్ని అనుసరించడం. జాన్ పట్టాభిషేకం వేళ రాబిన్ దళం మారువేషాలతో కోటలో ప్రవేశించడం, చివరికి రాబిన్, సర్ గై ఒంటరిగా తలపడటం ఇందుకు ఉదాహరణ. ఈ ద్వంద్వయుద్ధంలో ఒక దశలో యోధులిద్దరూ తెర మీద నుంచి తప్పుకుంటారు. స్తంభం మీద వారి పెద్ద నీడలు మాత్రమే పోరాడతాయి. ఇక్కడ సంగీతం ప్రతి దెబ్బకూ ఒక స్వరం చొప్పున వేయదు. కత్తి చప్పుడు కత్తే చేసుకుంటుంది. వాద్యబృందం ఆ దెబ్బలన్నిటినీ కలుపుకొని, ఒకే పెద్ద కెరటంలా పైకి లేచి, గై నేలకూలినప్పుడు విరుగుతుంది. చిత్రకథలో అంతవరకు పేరుకొన్న పన్నులు, ఉరికంబాలు, బందీ అయిన మారియన్ అన్నీ ఆ కెరటంలో ఉన్నాయి.

మీకు వీలైతే ఈ ఘట్టాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. నటుల చురుకుదనం, మెట్ల మీది పరుగులు, వెలుగునీడలు కనిపిస్తాయి. చక్కని కత్తిసాము చూసిన తృప్తి కలుగుతుంది. రెండవసారి శబ్దంతో చూడండి. ఈసారి ఎవరు గెలవాలని మీరు కోరుకుంటున్నారో, ఎందుకు కోరుకుంటున్నారో గమనించండి. ఆ ‘ఎందుకు’ అన్నదానిలో సంగీతం వాటా ఎంతో మీకే తెలుస్తుంది. మన జానపద చిత్రాల కత్తియుద్ధాలను కూడా ఇలా రెండుసార్లు చూసి పోల్చవచ్చు. ఘంటసాల సంగీతం సమకూర్చిన ‘పాతాళభైరవి’ (1951) మంచి ప్రారంభం.

సాహస చిత్రంలో కదలికను చూపించడానికి తెర ఉంది. ఆ కదలిక ఎవరికోసం, దేనికోసం అన్నది గుర్తుచేయడం సంగీతం పని. మన ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. కోర్న్‌గోల్డ్ తన ఉత్తరంలో చెప్పిన కారణాన్ని ఇప్పుడు మళ్లీ చదవండి. తాను హృదయానికి సంబంధించిన సంగీతకారుణ్ణి కనుక యాక్షన్ చిత్రానికి తగనని ఆయన అనుకొన్నారు. నిజానికి ఆ చిత్రానికి కావలసింది అలాంటి సంగీతకారుడే.

6. పాత స్వరం చెప్పే సాక్ష్యం

పై నిర్ణయానికి సంగీతంలోనే ఒక బలమైన ఆధారం ఉంది. రాబిన్ సాహస ఘట్టాలలో వినిపించే ఒక ముఖ్యమైన వీరస్వరం ఈ చిత్రం కోసం పుట్టినది కాదు. కోర్న్‌గోల్డ్ 1919లో కచేరీ వాద్యబృందం కోసం ‘సుర్సుమ్ కోర్డా’ అనే రచన చేశారు. లాటిన్ భాషలోని ఆ పేరుకు ‘హృదయాలను పైకెత్తండి’ అని అర్థం. ఆ రచనలోని స్వరాన్నే 19 ఏళ్ల తరువాత ఆయన రాబిన్‌కు ఇచ్చారు.

ఈ ఒక్క విషయం మనకు రెండు పాఠాలు నేర్పుతుంది.

మొదటిది: ఆ స్వరం పుట్టినప్పుడు దాని ముందు కత్తి లేదు, గుర్రం లేదు, తెర లేదు. ఉన్నది ఉప్పొంగే మనసు ఒక్కటే. అయినా అది సాహస ఘట్టానికి చక్కగా అమరింది. అంటే ‘యాక్షన్ సంగీతం’ అనే ప్రత్యేక జాతి ఒకటి ఉండి తీరాలన్న నియమం లేదు.

రెండవది: విభాగం 3లో పక్కన ఉంచిన ఊహను ఇప్పుడు పరీక్షించవచ్చు. ఆ స్వరం 1919 నాటిది కనుక, 1938 నాటి ఆస్ట్రియా పతనం దానికి పుట్టుక కారణం కాజాలదు. స్వరకర్త కష్టాలు చదివి కరిగిపోయి, ఆ కష్టాలన్నీ సంగీతంలో వినిపిస్తున్నాయని రాయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఆయన ఈ పని ఎందుకు ఒప్పుకొన్నారో జీవిత చరిత్ర చెబుతుంది. సంగీతం ఇలా ఎందుకు ఉందో చెప్పాలంటే సంగీతాన్నే వినాలి. అయితే, ఇల్లు పోగొట్టుకొన్న ఆ వారాలలో తన యౌవనకాలపు స్వరాన్ని ఆయన మళ్లీ చేతిలోకి తీసుకొన్నారన్నది వాస్తవమే. ఆ వాస్తవాన్ని చెప్పండి. దాని మీద ఆధారం లేని అర్థాన్ని మోపకండి.

7. గుణదోష విచారణ

విమర్శ అంటే పొగడ్త కాదు. ఈ సంగీతం మీద చెప్పదగిన ఆక్షేపణలు కూడా ఉన్నాయి.

(అ) చిత్రంలో అధిక భాగం సంగీతం మోగుతూనే ఉంటుంది. నిశ్శబ్దానికి ఉండే శక్తిని కోర్న్‌గోల్డ్ తక్కువగా వాడుకొన్నారు. నటుడి ముఖమే చెప్పగల భావాన్ని కొన్నిచోట్ల వాద్యాలు కూడా చెబుతాయి. నేటి ప్రేక్షకుడికి ఇది భారంగా అనిపించవచ్చు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే.

(ఆ) కథ 12వ శతాబ్దపు ఇంగ్లండుది, సంగీతం 19వ శతాబ్దం చివరి వియన్నాది. కాలానికీ, స్థలానికీ పొందిక లేదని అనవచ్చు. ఈ ఆక్షేపణ అంత బలమైనది కాదు. చిత్రంలోని మెరిసే రంగుల దుస్తులూ, నవ్వుతూ పోరాడే వీరుడూ చరిత్రకు చెందినవి కావు, కథాలోకానికి చెందినవి. ఆ లోకానికి తగిన భాషనే సంగీతం మాట్లాడింది.

(ఇ) సినిమా కోసం రాసినది ‘అసలైన’ సంగీతం కాదన్న అభిప్రాయం ఆ రోజుల్లో కచేరీ విమర్శకులలో బలంగా ఉండేది. కోర్న్‌గోల్డ్ తన సినిమా స్వరాలను ఉపయోగించి రాసిన వయొలిన్ కాన్చెర్టోను 1947లో యాషా హైఫెట్స్ మొదటిసారి వాయించినప్పుడు కొందరు విమర్శకులు ఎగతాళి చేశారు. ఇప్పుడు అదే రచన ప్రపంచవ్యాప్తంగా వయొలిన్ కళాకారుల కచేరీల్లో తరచుగా వినిపిస్తున్నది. ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి కాక, ఎలా నిలిచిందన్నదాన్ని బట్టి సంగీతాన్ని అంచనా వేయాలని ఈ అనుభవం చెబుతున్నది.

8. గుర్తింపు, ప్రభావం

‘రాబిన్ హుడ్’ చిత్రానికి కళా దర్శకత్వం, కూర్పు, మౌలిక సంగీతం విభాగాల్లో మూడు ఆస్కార్ పురస్కారాలు లభించాయి. కోర్న్‌గోల్డ్ సంగీతం సమకూర్చిన ‘ఆంథొనీ అడ్వర్స్’ (1936)కు కూడా అంతకుముందు సంగీత పురస్కారం వచ్చింది. కాని ఆనాటి నియమాల ప్రకారం అది స్టూడియో సంగీత విభాగాధిపతి ఫోర్బ్‌స్టైన్ చేతికి వెళ్లింది. ‘రాబిన్ హుడ్’ నాటికి మౌలిక సంగీత పురస్కారం స్వరకర్తకే దక్కింది. నేపథ్య సంగీతానికి ఒక రచయిత ఉంటాడని పరిశ్రమ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

యుద్ధానంతర దశాబ్దాలలో ఈ భారీ సింఫనీ శైలి కొంత వెనుకబడింది. 1972లో కోర్న్‌గోల్డ్ చిత్ర సంగీతంతో చార్లెస్ గెర్హార్ట్ నిర్వహణలో వెలువడిన రికార్డు కొత్త తరానికి ఆయనను పరిచయం చేసింది. దాని నిర్మాత ఆయన కుమారుడు జార్జ్ కోర్న్‌గోల్డ్. 1977లో ‘స్టార్ వార్స్’ చిత్రానికి జాన్ విలియమ్స్ సమకూర్చగా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన సంగీతంతో ఈ శైలి మళ్లీ జనంలోకి వచ్చింది. ఇత్తడి వాద్యాల వీరస్వరం, తంత్రీ వాద్యాల ప్రేమస్వరం, పాత్ర వెంట నడిచే స్వర ఇతివృత్తాలు అన్నీ మీరు ఈ పాఠంలో గుర్తించినవే.

9. సారాంశం

సాహస చిత్రపు నేపథ్య సంగీతం చప్పుడుకు చప్పుడు జోడించడానికి పరిమితం కాదని ఈ పాఠంలో తెలుసుకొన్నాం. కోర్న్‌గోల్డ్ తొంభై పాళ్ల యాక్షన్‌ను చూసి వెనుకాడారు. తరువాత మిగిలిన పది పాళ్లను పట్టుకొని ఆ తొంభైకీ అర్థం కల్పించారు. ఈ సంగీతంలో విరామం తక్కువన్న లోపం ఉంది. అయినా ప్రతి పోరాటం దేనికోసం జరుగుతున్నదో అది మనల్ని మరచిపోనివ్వదు. ఇకముందు మీరు ఏ చిత్రంలోనైనా పోరాటం చూస్తున్నప్పుడు ఒక్క నిమిషం కళ్లు మూసుకొని వినండి. కత్తి చప్పుడు కాక ఇంకేదైనా మీకు చేరిందా అని ప్రశ్నించుకోండి. మీ విమర్శ అక్కడే మొదలవుతుంది.

10. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రవేశ దరువుకూ, స్వర ఇతివృత్తానికీ గల పోలికను, భేదాన్ని రాయండి.
2. కర్రసాము ఘట్టంలోనూ, చివరి ద్వంద్వయుద్ధంలోనూ సంగీతం అనుసరించిన పద్ధతులను పోల్చండి.
3. ‘సుర్సుమ్ కోర్డా’ స్వరం ఆధారంగా, స్వరకర్త జీవితాన్ని బట్టి సంగీతానికి అర్థం చెప్పడంలోని పరిమితులను చర్చించండి.
4. మీకు నచ్చిన ఒక తెలుగు జానపద చిత్రంలోని పోరాట ఘట్టాన్ని శబ్దం లేకుండా ఒకసారి, శబ్దంతో ఒకసారి చూసి, మీరు గమనించిన తేడాలను 20 పంక్తులలో రాయండి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు వాడకండి.